ఎదిగిన పిల్లలతో దీవిప్రయాణము



పిల్లలు చిన్నవారుగా నున్నంతకాలము వేసవి ప్రయాణమనిన తల్లికి మూటలు కట్టుకొను శ్రమయే గాని మఱియొక చిక్కు లేదు. ఎచ్చటికి పోదమన్న నచ్చటికి వత్తురు. పదమూడు, పదునాఱేండ్లు వచ్చినపిదప సంగతి వేఱు. వారి యిష్టమొకటి, పెద్దల యిష్టమొకటి, ఇంటిలోని ముదుసలివారి యిష్టము మఱొకటి. 2025 వేసవిలో మా నందికొట్కూరునుండి మేమైదుగురము ఒక దీవికి పోయివచ్చితిమి. అచ్చట నున్నది నాలుగు దినములే. దానికై యింట తర్కించుకొన్నది నాలుగు మాసములు. ఆ తర్కమును గూర్చియే యీ మాసము వ్రాయుచున్నాము.

మొదట పిల్లలు కోరిన దీవి మన దేశములోనిది కాదు. సంక్రాంతి సెలవులలో మా అమ్మాయి సెల్‌ఫోనులో గ్రీసుదేశపు సాంటోరిని దీవి బొమ్మలు చూపెను. కొండకొమ్మున సున్నము కొట్టిన తెల్లని యిండ్లు, నీలిరంగు గుమ్మటములు, అడుగున మధ్యధరా సముద్రము. మా పెద్దవాడును చూచి, “ఈసారి అందరం అక్కడికే పోదాం నాన్నా” అనెను. వాడు పదవతరగతి పరీక్షలు వ్రాసి, జూను మాసమున ఇంటర్మీడియేటు చదువునకై హాస్టలునకు పోవలసియుండెను. ఆ చదువు రెండేండ్లు. తరువాత ఏ యూరో, ఏ కళాశాలయో. అందఱము కలిసి పోవు ప్రయాణము మఱల నెన్నడని మేము పైకి అనలేదు గాని, ఆ సంగతి ఎవరును మఱచినవారము కాము.

కావున మేము పిల్లలను నవ్విపోలేదు. కాగితము, పెన్సిలు చేతికిచ్చి, ఖర్చు లెక్కవేసి తెమ్మంటిమి. ఇది చాల మేలైన పద్ధతియని మాకు తోచినది. పెద్దలు కాదన్న కోరిక పిల్లల మనస్సులో ముల్లువలె నిలుచును. తామే లెక్కచూచి విడిచినది నిలువదు. వారు రెండు దినములు కూర్చుండి కనుగొన్న సంగతులివి: ఐదుగురిలో నొకరికిని పాస్‌పోర్టు లేదు. పదునైదేండ్లు నిండని పిల్లల పాస్‌పోర్టు ఐదేండ్లకంటె ఎక్కువ చెల్లదు. షెంజెన్ వీసాకు పండ్రెండేండ్లు నిండిన పిల్లలును పెద్దలతో సమానముగా తలకు 90 యూరోలు కట్టవలెను; నగరమునకు పోయి వ్రేలిముద్ర లీయవలెను; బ్యాంకు కాగితములు చూపవలెను. ఆపైని ఏథెన్సువరకు విమానము, అచ్చటినుండి గంటలకొలది ఓడ. మొత్తము చూచి మావాడే “రెండేండ్ల మిరప పంట” అని కాగితము మడిచి జేబులో పెట్టుకొనెను.

ఫిబ్రవరిలో ఆ దీవియందు ఎడతెగక భూకంపములు వచ్చి, వేలకొలది జనులు ఓడలెక్కి వెడలిపోయిరని వార్త వచ్చినది. ఆ దీవి నెలవంకవలె నుండుటకు కారణమును అప్పుడే మా అమ్మాయి చదివి చెప్పెను. సుమారు 3,600 సంవత్సరముల క్రిందట అగ్నిపర్వతము ప్రేలి, దీవి నడిమిభాగమంతయు సముద్రములోనికి క్రుంగిపోయినదట. మూలన కందులు చెఱుగుచున్న మా అత్తగారు చేట ఆపి, “మునిగిన ఊరు సూసేదానికి అంత దూరం పోవాల్నా?” అనిరి. ఆ మాటను అప్పుడెవరమును పట్టించుకొనలేదు.

ఆమెకు రామేశ్వర స్నానము చిరకాలపు కోరిక. ఆ పేరు చెప్పగానే పిల్లలిద్దఱును “గుడికా?” అని ముఖములు చిట్లించిరి. రామేశ్వరమును దీవియేనని వారికి తట్టనేలేదు. నిజము చెప్పవలెనన్న, మాకును అంతగా తట్టలేదు. మన యిండ్లలో అది తీర్థము గాని దీవి కాదు. పటము తీసి చూపితిమి. ప్రధానభూమికిని దానికిని నడుమ పాంబను జలసంధి కలదు. దానిపై 1914లో కట్టిన రైలు వంతెన పాతబడి, 2022 డిసెంబరులో దానిపై రైళ్లు నిలిచిపోయినవి. ప్రక్కన కట్టిన క్రొత్త వంతెన 2025 ఏప్రిలు 6వ తేదీన తెఱవబడినది. పాత వంతెనలో ఓడలు పోవుటకై నడిమిభాగము రెండు రెక్కలుగా లేచెడిది. దానిని మనుష్యులు చేతులతో త్రిప్పి తెఱచెడివారు. క్రొత్తదానిలో 72.5 మీటర్ల వారధిభాగము లిఫ్టువలె నిట్టనిలువుగా 17 మీటర్లు పైకి లేచును. ఈ సంగతి చదివిన దినమునుండి మా పెద్దవాడు రామేశ్వరము పక్షము చేరెను.

అమ్మాయికి ఫ్లెమింగో పక్షులు చూడవలెనని యుండెను. అవి ధనుష్కోటికి వచ్చునది చలికాలమున. సంక్రాంతికి పోయినచో పక్షులు కనబడును గాని అన్నకు పరీక్షలు దగ్గఱపడును. మేలో పోయినచో పరీక్షలుండవు, పక్షులును ఉండవు. ఈ నష్టము ఆమెదేయని మేమొప్పుకొంటిమి. బదులుగా ఏ దినమున ఏది చూడవలెనను పట్టిక వ్రాయు నధికారము ఆమె కిచ్చితిమి. (మేము తిరిగివచ్చిన పిమ్మట, ఆ జూను మాసముననే తమిళనాడు ప్రభుత్వమువారు ధనుష్కోటిని ఆ పక్షులకు అభయారణ్యముగా ప్రకటించిరి. ఆ వార్త చదివి ఆమె మమ్ము చూచిన చూపు ఇంకను జ్ఞాపకమున్నది.)

రైలు పని పెద్దవానిది. తిరుపతినుండి రామేశ్వరమునకు నేరుగా పోవు రైలు కలదు, ప్రతిదినము లేదు. ఇప్పుడు రైలు టిక్కెట్టు అఱువది దినములకు ముందు దొరకదు. 2024 నవంబరువఱకు నూట యిరువది దినములుండెడిది. పాత లెక్కను నమ్ముకొన్నవారు జాగ్రత్త వహింపవలెను. నలువదియైదేండ్లు దాటిన స్త్రీలకు క్రింది బెర్తు ఇచ్చు నేర్పాటు కలదని వాడే కనుగొని, అవ్వతోబాటు మాకును క్రింది బెర్తు తెచ్చెను. మా వయస్సు ఇంట అందఱికిని తెలిసిపోవుట తప్ప వేఱు నష్టము లేదు.

ఇక తల్లులకు మాత్రమే చెప్పదగిన సంగతి యొకటి. అమ్మాయి వ్రాసిన పట్టికలో గుడికి పోవు దినము ప్రక్కన పెన్సిలుతో చిన్న సున్న యొకటి చుట్టియుండెను. ఏమని అడుగగా మాటాడలేదు. తరువాత వంటయింటిలోనికి వచ్చి, ఆ తేదీ తన నెలసరి దినములలో పడునేమోననియు, అట్లైన అన్న గుడికి పోవునప్పుడు తాను గదిలో కూర్చుండవలెనేమోననియు, అంతకంటె తాను రానే రాననియు చెప్పి కంట నీరు పెట్టుకొనెను. మా అత్తగారు ఈ విషయమున పట్టింపు గలవారు. ఇట్టి సమయమున తేదీ జరుపుటకు మాత్రలు మ్రింగించుట ఎన్నియో యిండ్లలో చూచుచున్నాము. వైద్యురాలిని అడుగక, కేవలము ప్రయాణముకొఱకై, పదమూడేండ్ల పిల్లకు అట్టి మాత్రలిచ్చుట మా మనస్సున కెంతమాత్రమును ఒప్పలేదు. గుడిని మొదటి దినమునకు త్రిప్పి, సముద్రము, ధనుష్కోటి, అబ్దుల్ కలాముగారి యిల్లు తరువాతికి పెట్టితిమి. ఒకవేళ ముందే వచ్చినచో గుడివద్దకు మగవారును అవ్వయు పోవుదురు, మేమిద్దఱము సముద్రపుటొడ్డున కూర్చుందుమని ముందుగానే అందఱియెదుటను చెప్పివేసితిమి. అత్తగారు వినిరి, ఔననలేదు, కాదనలేదు.

ఈత సంగతియు ముందే తేల్చుకొనవలసినది. మా పిల్లలు కె.సి. కాలువలోను, బావులలోను ఈత నేర్చినవారు. ఈత వచ్చిన పిల్లలతోనే సముద్రమునొద్ద ఎక్కువ భయము, వారు మాట వినరు. గుడియెదుట అగ్నితీర్థమున నీరు చెఱువువలె నెమ్మదిగా నుండును. అచ్చట ఎంతసేపైన మునుగవచ్చును. ధనుష్కోటి కొననుగల అరిచల్‌మునై వద్ద రెండు సముద్రములు కలియుటచే లోపలి ప్రవాహము బలమైనది. అచ్చట మోకాలికి మించి దిగరాదు. ఈ కట్టుబాటును మావారు కాగితముపై వ్రాసి, పిల్లలచేత సంతకము చేయించిరి. వేడుకకు చేసినదే యైనను పనిచేసినది.

మే మాసాంతమున జొన్నరొట్టెలు, వేరుసెనగపొడి, పులిహోర కట్టుకొని బయలుదేఱితిమి. గుడిలో ఇరువదిరెండు తీర్థములు కలవు, అందు పెక్కు బావులే. ఒక్కొక్క బావికడ నిలుచున్నవారు బక్కెట్టుతో చేది తలపై కుమ్మరింతురు. గుడికా అని ముఖము చిట్లించినవాడు ఇరువదిరెండింటికిని ముందు పరుగెత్తి, చాలలేదనెను. నేల యంతయు తడియై జాఱును గనుక అవ్వచేయి ఒకరు విడువక పట్టుకొనవలెను; పొడిబట్టలు వేఱు సంచిలో పెట్టుకొనవలెను. వేయికిపైగా స్తంభములు గల బయటి ప్రాకారపు మండపములో, ఎవరును పిలువకయే, పిల్లలిద్దఱు చాలసేపు నడచిరి.

కలాముగారి యింటివద్ద మావాడు నిలిచిన సంగతి వేఱొకటి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రామేశ్వరము స్టేషనులో రైలు ఆగుట మానివేయగా, కదలుచున్న బండినుండి విసరివేయు వార్తాపత్రికల కట్టలను ఏఱి పంచుటలో కలాముగారు బాలుడుగా సాయపడిరి. వాడు దానిని విని, చదువు మాట యెత్తక, “కట్టలు తలకు తగిలేవేమో” అనెను. అంతే.

అమ్మాయి పెన్సిలుతో చుట్టిన లెక్క ఒక దినము తప్పినది. ధనుష్కోటికి పోవు ఉదయమున వచ్చినది. అత్తగారికి తెలిసినది. మేము మాటాడకుంటిమి.

ధనుష్కోటి ఒకప్పుడు పట్టణము. మద్రాసునుండి బోట్‌మెయిలు రైలు అచ్చటికి వచ్చెడిది. దిగినవారు ఓడయెక్కి సింహళమునకు పోయెడివారు. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి తుపాను ఉప్పెనలో ఊరును, ఊరిలోనికి వచ్చుచున్న రైలును, అందలి నూఱుమందికి పైగా జనమును కొట్టుకొనిపోయినవి. ప్రభుత్వమువారు ఆ ఊరు నివాసమునకు తగదనిరి. నేడు కప్పులేని చర్చి గోడలు, స్టేషను శిథిలములు మిగిలియున్నవి. 2017లో కొనవఱకు తారురోడ్డు పడుటచే ముదుసలివారును సులువుగా పోవచ్చును. మేలో గాలి యెక్కువ; ఇసుక ముఖమున గొట్టును. ఆ గాలిలో అత్తగారు మనుమరాలి చేయి పట్టుకొని, తన గొడుగు ఆమెవైపునకు వంచి, చర్చివఱకు నడచిరి. మేము వెనుక వచ్చుచు చూచుచుంటిమి.

గోడలయొద్ద నిలిచి ఆమె, “ఈ ఊరోళ్లు యాడికి పోయినారు?” అని యడిగిరి. బ్రదికినవారు రామేశ్వరము ప్రక్కలనే వేఱు పల్లెలలో స్థిరపడిరని అమ్మాయి తాను చదివినది చెప్పెను. అప్పుడామె అచ్చట నొక రాతిపై కూర్చుండి, తన పుట్టినింటి సంగతి చెప్పనారంభించిరి. శ్రీశైలము జలాశయముకొఱకు 1981లో ఖాళీ చేయించిన సుమారు నూఱు గ్రామములలో ఆమె యూరొకటి. తలుపులు, దూలములు ఊడదీసి బండ్లకెత్తిన విధము, దొడ్డిలోని చింతచెట్టును విడిచివచ్చుట, తరువాతి యేడు గట్టుమీదనుండి చూడగా నీరు తప్ప మఱేమియు కనబడకపోవుట. మా కాపురమునకు వచ్చి యిన్నియేండ్లైనను ఆమె నోట ఇంత మాట మేము వినలేదు. మావాడు ఫోను జేబులో పెట్టి వినెను.

“మరి సంగమేశ్వరం గుడి ఎండాకాలం నీళ్లలోంచి తేలుతుంది కదవ్వా, మీ ఊరు తేలదా?” అని అమ్మాయి అడిగెను. “ఏమో, పోయి సూసినోళ్లెవరు” అనిరి ఆమె.

జూనులో వాడు హాస్టలునకు పోయెను. ఆదివారము మాటాడుటకు కొద్ది నిమిషములే యిత్తురు. అన్నము, చదువు, జ్వరము, అన్నియు మేమడుగుచుండగనే, శ్రీశైలములో నీరు ఎన్ని అడుగులున్నదని వాడు చెల్లెలి నడుగును. ఆమె దినదినము నీటిమట్టమును నోటుపుస్తకములో వ్రాసిపెట్టుచున్నది. వేసవిలో అవ్వను తీసికొని పోవలసిన ప్రయాణమునకు పట్టిక అప్పుడే మొదలైనది.