బండి మనది, తాళం ఫైనాన్సోళ్లది

పలాస జీడిపప్పు, ఉద్దానం కొబ్బరికాయ, టెక్కలి గ్రానైటు రాయి... మన నేల మీద పుట్టిన సరుకు ఏదైనా లారీ ఎక్కి హైవే పట్టాల్సిందే. ఆ లారీ ముందు దేవుడి బొమ్మ, వెనుక పిల్లల పేర్లు. ఆర్‌సీలో మాత్రం ఇంకో పేరుంటుంది. అది అప్పిచ్చిన కంపెనీ పేరు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే బండి ఇంకొకరి పేరుకు మారదు.

పదేళ్లు స్టీరింగు పట్టిన డ్రైవరు సొంతంగా పాత లారీ కొందామనుకుంటే బ్యాంకు ఆస్తి కాగితాలు, ఆదాయపు లెక్కలు అడుగుతుంది. అవే ఉంటే డ్రైవరెందుకయ్యాడు? చివరికి ఫైనాన్సు కంపెనీయే గతి. డ్రైవరును ఓనరును చేసింది ఆ కంపెనీలే, కాదనం. మన తగువు వడ్డీ లెక్కతో.

‘నూటికి ఎనిమిదే’ అంటారు. పది లక్షలు, నాలుగేళ్లు, 8 శాతం ఫ్లాట్ వడ్డీ. ఏడాదికి 80 వేలు, నాలుగేళ్లకు 3 లక్షల 20 వేలు. నెలకు 27,500 చొప్పున 48 వాయిదాలు. మడత ఇక్కడే ఉంది. నెలనెలా అసలు తీరుతూనే ఉన్నా వడ్డీ మాత్రం ఆఖరిదాకా మొత్తం పది లక్షల మీదే వేస్తారు. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే ఆ ఎనిమిది కాస్తా పద్నాలుగు దాటుతుంది!

ఈ మడత విప్పడానికే రిజర్వు బ్యాంకు ఒక నిబంధన పెట్టింది. 2024 అక్టోబరు 1 నుంచి చిన్న అప్పులకు ఖర్చులన్నీ కలిపిన అసలు వడ్డీ శాతాన్ని ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంటు’లో చూపాలి. అదీ అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో. ఉద్యోగ మిత్రులారా, బావమరిది లారీకి హామీ సంతకం పెట్టేది మీరే. ముందు ఆ కాగితం తెలుగులో ఇమ్మనండి. విద్యార్థి తమ్ముళ్లారా, మీ అన్నకు మీరే చదివి వినిపించండి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం తోటలను నేలమట్టం చేసింది. చెట్టే లేనప్పుడు లోడెక్కడిది? కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, వాయిదాకు ముప్పై రోజులే గడువు. కరోనా కాలంలో, 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా, దేశమంతటా వాయిదాలు ఆపుకోవచ్చన్నారు (వడ్డీ ఆగలేదనుకోండి, అది వేరే కథ). దేశానికి వీలైనది తుపాను పడ్డ నాలుగు మండలాలకు వీలు కాదా?

వాయిదా తప్పితే నడిరోడ్డు మీద బండి ఆపి తాళం లాక్కునే మనుషులొస్తారు. రౌడీలను పెట్టి అప్పు వసూలు చేయొద్దని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. 2023లో పాట్నా హైకోర్టు కూడా బలవంతంగా బండ్లు లాక్కోవడాన్ని తప్పుపట్టింది. హైవే పక్కన ఆ తీర్పులు చదివేదెవరు?

మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. పోర్టుకు లారీలు కావాలి. అవి సంతబొమ్మాళి, టెక్కలి కుర్రాళ్లవా, బయటి పెద్ద ట్రాన్స్‌పోర్టర్లవా? అప్పు ఎవరికి, ఎంత వడ్డీకి దొరుకుతుందో దాన్నిబట్టే తేలుతుంది. కలెక్టరు సమక్షంలో జరిగే బ్యాంకర్ల సమావేశంలో పంట రుణాల లెక్క చదువుతారు. ఈసారి లారీ రుణాల లెక్క కూడా, మండలాలవారీగా చదవాలని మేం అడుగుతున్నాం.