రాజ్-కోటి లెక్క సరిచూద్దాం

చెన్నై పక్కన పట్టాభిరామ్, తిరువళ్లూరు వైపు తెలుగిళ్లలో సినిమా పాటల మాటొస్తే అది ఇళయరాజాతో మొదలై రెహమాన్ దగ్గర ఆగుతుంది. మధ్యలో ఎవరైనా సంగీత దర్శకుల జంట రాజ్-కోటి పేరెత్తారా, తీర్పు సిద్ధం: "హిట్లకేం, బోలెడు. సంగీతం మాత్రం అంతంతే. ఆ కాస్త బాగున్నది కూడా కీబోర్డు ముందు కూర్చున్న దిలీప్ చలవే."

అంతంతే అన్నది అభిప్రాయం, దాని సంగతి తర్వాత. దిలీప్ చలవన్నది మాత్రం తప్పుడు లెక్క. దిలీప్, అంటే తర్వాతి ఏ.ఆర్. రెహమాన్, రాజ్-కోటికి కీబోర్డు వాయించిన మాట నిజమే. ఇళయరాజాకీ వాయించాడు. మరి రాజా పాటల ఘనతను ఎవరూ అతని ఖాతాలో రాయరేం? 'రోజా' వచ్చింది 1992లో. రాజ్-కోటి చేసిన 'గోవిందా గోవిందా', 'హలో బ్రదర్' 1994వి. అప్పటికి రెహమాన్‌కి సొంత సినిమాలతోనే ఊపిరాడటం లేదు. ఆ పాటలు ఎవరి చలవని చెబుతారు? వాయించడం వేరు, బాణీ కట్టడం వేరు. ఏ వాద్యం ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ నోరుమూసుకోవాలో తేల్చడం ఇంకా వేరు.

అది చెల్లకపోతే "అన్నీ కాపీలే" అంటారు. నిర్మాత క్యాసెట్ తెచ్చి ఇలాంటిదే కావాలని కూర్చునే రోజులవి. రాజ్-కోటి మడి కట్టుకుని ఉన్నారని నేననను. కానీ 'ఖైదీ నెం. 786' సంగతేమిటి? 1988 నాటి ఆ సినిమా తమిళ 'అమ్మన్ కోవిల్ కిళక్కాలే'కి రీమేక్. మాతృకకు సంగీతం ఇళయరాజా. ఎత్తుకోదలిస్తే అంతకన్నా వాటమైన సందర్భం దొరుకుతుందా? వీళ్లు కొత్త పాటలు కట్టారు. గువ్వాగోరింకల యుగళగీతం వాటిలోదే. 2015లో 'సుబ్రమణ్యం ఫర్ సేల్'కి మిక్కీ జె. మేయర్ మళ్లీ తెచ్చుకున్నది ఆ పాటనే.

1988లోనే వచ్చింది 'యముడికి మొగుడు' కూడా. అందులో రాగం పేరును పల్లవిలోనే పెట్టుకున్న హిందోళం పాట ఉంది. రిషభం, పంచమం లేని అయిదు స్వరాల రాగమిది. మామూలుగా కాస్త నెమ్మదిగా, లోపలికి దిగుతూ పాడతారు. చిరంజీవి అడుగులకేమో దరువు కావాలి, హాల్లో ఈలలు పడాలి. దరువును తగ్గించి రాగాన్ని వినిపించడంలో పెద్ద విశేషం లేదు. దరువు అంత జోరుగా సాగుతుంటే దాని మీద హిందోళం చెదరకుండా నిలబడటం, బాలు గొంతులో ఆ గమకం చిలిపిగా జారడం, ఇదీ పనితనం. 2016లో 'సుప్రీమ్' కోసం దీన్నీ మళ్లీ వండారు. పాతదే రుచి, నన్నడిగితే.

అభిమానులకూ ఓ మాట. క్యాసెట్లు ఎన్ని అమ్ముడయ్యాయో చెప్పి గొప్పతనం రుజువు చేయబోకండి, ఆ వాదనే ఎదుటివాళ్లకు అలుసు. ఏడాదికి అన్నన్ని సినిమాలు ఒప్పుకున్న జంట కాబట్టి నాసిరకం పాటలూ తక్కువేం లేవు. అంత మాత్రాన మంచి పాటలను పక్కకు నెట్టేస్తామా? టి.వి. రాజు కొడుకు ఒకరు, సాలూరి రాజేశ్వరరావు కొడుకు ఇంకొకరు, ఇద్దరూ సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర పని నేర్చినవాళ్లు. మద్రాసు తెలుగు పాట చేతిపనిని ఇంటా బయటా కూడా చూసి వచ్చారు.

"ఒకరే పనంతా చేసేవారు, రెండోవారు పేరుకే" అనే గుసగుస కూడా ఉంది. విడిపోయాక 1995లో కోటి 'పెదరాయుడు' చేశారు, రాజ్ 'సిసింద్రీ' చేశారు. పేరుకే ఉన్నది ఎవరో ఆ రెండూ విన్నాక చెప్పండి. చెప్పేటప్పుడు ఫలానా పాటలో ఫలానా చోట అని చూపిస్తే, కూర్చుని వాదించుకుందాం.