నిలువునా చచ్చే చెట్టుకు లెక్క లేదా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో జీడితోటలు నేలమట్టమయ్యాయి. నాయకులొచ్చారు, కెమెరాలొచ్చాయి, కూలిన చెట్లను లెక్క రాసుకుని వెళ్లారు. మరి కూలనివాటి మాటేమిటి? కొమ్మలు విరిగి, బెరడు చీలి, వేళ్లు కదిలిపోయి నిలబడ్డ చెట్లను ఏ పుస్తకంలో రాశారు?

కాండం, వేరు తొలిచే పెంకుపురుగుకు కావలసింది సరిగ్గా అలాంటి చెట్లే. బెరడు పగుళ్లలోనూ, ఇసుక కొట్టుకుపోయి బయటపడ్డ వేళ్ల మీదా బియ్యపుగింజల్లాంటి గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు బెరడు కిందికి దూరి మొదలు చుట్టూ తొలుచుకుంటూ పోతుంది. బయటికి కనిపించేది చిన్న రంధ్రం, కాస్త బంక, ఎర్రటి పొట్టు. అప్పుడే చూసి, ఉలితో బెరడు లేపి పురుగును తీసేస్తే చెట్టు బతుకుతుంది. ఆకులు పసుపు తిరిగాక గొడ్డలితో విప్పి చూడండి: నల్లబడి కుళ్లిన సొరంగాలు, వాటిలో వేలెడు పొడవున పాలరంగు పురుగులు, అక్కడక్కడా సున్నంతో కట్టినట్టు గట్టి గూళ్లు. ఇక ఆ చెట్టు మీద ఆశ వదులుకోవలసిందే.

అధికారుల్ని అడిగితే చెప్పేది ఒక్కటే మాట, మందు కొట్టండి! ఆకుల మీద కొట్టిన మందు బెరడు కింద దాక్కున్న పురుగుకు ఎలా తగులుతుందండీ? లేదంటే కరపత్రం చేతిలో పెడతారు. ఒక వంతు తారుకు రెండు వంతుల కిరసనాయిలు కలిపి మొదలుకు మీటరు ఎత్తు వరకు పూయాలట. మంచి సలహాయే. రేషన్‌లో కిరసనాయిలు ఆపేసిన సంగతి ఆ కరపత్రానికి ఇంకా తెలిసినట్టు లేదు.

అసలు రోగం మరొకటుంది. చచ్చిన చెట్టును తోటలో ఉంచితే అదే పురుగుల పుట్ట. అందులో పెరిగిన తరం రెక్కలొచ్చి పక్క తోట మీద పడుతుంది. కానీ ఆ మోడును తీసేదెవరు? తోట యజమాని ఏ పట్నంలోనో కాపురం, ఊరి మొహం చూసి ఏళ్లయింది. గుత్తకు తీసుకున్నవాడికి పిక్కలు ఏరుకునేదాకానే చెట్టుతో సంబంధం. నరికినా పొయ్యిలోకని దుంగలు గట్టు పక్కనే పేర్చి వదిలేస్తారు, లోపల పురుగులతో సహా! ఒక రైతు తన తోటలో చెట్టు చెట్టుకూ వంగి పొట్టు వెతుక్కుని, పురుగు ఏరుకుని, వేళ్లకు మట్టి ఎగదోసి నడుము విరగ్గొట్టుకుంటాడు. గట్టు అవతల పది మోడులు నిలబడి ఉంటే అతని కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

గాలికి పడితే నష్టమట, పురుగు తింటే రైతు నిర్లక్ష్యమట! ఎవరు పెట్టారయ్యా ఈ న్యాయం? పురుగుపట్టి చచ్చినవాటినీ లెక్కలో రాయండి. ఊరు మొత్తం మీద మోడులన్నిటినీ ఒకేసారి వేళ్లతో సహా పెకలించి కాల్చే కూలి ఎవరిస్తారో, ఎప్పుడిస్తారో ముందు అది చెప్పండి. కరపత్రాలు తర్వాత పంచుదురుగాని.