పారిపోయినోన్ని పట్టుకున్నరు సరే.. చూసుకుంట ఊకున్నోళ్ల సంగతేంది?

మన దిక్కు మిలిటరీల చేరాలంటే పోటీ. తెల్లారకముందే లేచి ఊరి రోడ్ల మీద ఉరికే పోరగాళ్లు ఏ జిల్లాకు పోయినా కనవడ్తరు. సెలక్షన్ అయితే ఇంట్ల పండుగే. దక్షిణ కొరియాల లెక్క వేరే. అక్కడ ఒంట్ల బాగున్న మొగ పిల్లగాడు ఎవరైనా ఫౌజుకు పోవాల్సిందే. దేశాన్ని కాపాడే బాధ్యత రాజ్యాంగంలనే రాసి ఉన్నది. పోనంటే జైలు. 1953ల ఉత్తర కొరియాతోని కాల్పులు ఆపే ఒప్పందం అయితే అయింది గానీ, శాంతి ఒప్పందం ఇప్పటిదాకా కాలేదు. అందుకే తరాలు మారినా ఈ రూల్ మారలే. లోకమంతా అభిమానులున్న బీటీఎస్ పాటగాళ్లకు కూడా మినహాయింపు దొరకలే. 2022 డిసెంబర్‌ల జిన్‌తోని మొదలువెడితే, 2025 జూన్ వరకు ఏడుగురూ సర్వీసు చేసి వచ్చిన్రు.

మనకు పేపర్లల్ల వచ్చేది గుండు గీయించుకున్న స్టార్ల ఫొటోలే. బ్యారక్ తలుపు మూసినంక లోపట ఏమైతదో చూపెట్టిన సీరియల్ 'డీ.పీ.'. 2021 ఆగస్టు 27న నెట్‌ఫ్లిక్స్‌ల వచ్చింది. రెండో సీజన్ 2023 జులైల వచ్చింది. ఫౌజు నుంచి పారిపోయిన సిపాయిలను ఎతికి పట్టుకొచ్చే మిలిటరీ పోలీసు టీమ్‌నే డీ.పీ. అంటరు. దీనికి మూలమైన బొమ్మల కథ రాసిన కిమ్ బోటాంగ్ తన సర్వీసుల స్వయంగా ఆ పనే చేసిండు. అందుకే కథల సొంత కవిత్వం తక్కువ, కండ్లతోని చూసిన సంగతులు ఎక్కువ.

హీరో అన్ జున్‌హో (జంగ్ హే ఇన్) కొత్త సిపాయి. సీనియర్లు గోడకు నిలవెట్టి తోస్తుంటే, ఎనుక మేకు తల్కాయకు గుచ్చుకుంటది. తర్వాత డీ.పీ.ల వడి, తన లెక్కనే దెబ్బలు తిని పారిపోయినోళ్లను పట్టుకునే డ్యూటీ తనకే వస్తది. అయితే ఈ సీరియల్ గుండెకాయ చో సుక్‌బాంగ్ కథ. పిల్లలకు బొమ్మలు నేర్పిన సాధువు మనిషి. సీనియర్ హ్వాంగ్ జాంగ్‌సూ ఆయనను రోజూ కొడ్తడు, చెప్పుకోలేని తీరుగ అవమానిస్తడు. కొన్ని నెలలకు సుక్‌బాంగ్ కూడా తన కింది సిపాయి మీద చెయ్యి లేపుతడు. ఇగ ఓర్సుకోలేక పారిపోయినంక, సర్వీసు అయిపోయి ఇంటికి పోయిన జాంగ్‌సూ ఎంటవడ్తడు. నిలదీస్తే జాంగ్‌సూ దగ్గర దొరికే జవాబు ఒక్కటే, అట్ల చేసినా నడుస్తదనుకున్నడట.

ఇక్కడనే అసలు రోగం ఉన్నది. కొట్టినోడు, దెబ్బలు తిన్నోడు ఇద్దరూ గుంజుకొచ్చిన పోరగాళ్లే. మధ్యల తేడా కొన్ని నెలలే. ముందుగాల వచ్చినోడు దొర, ఎనుక వచ్చినోడు జీతగాడు. నేను పడ్డ కదా, నువ్వు కూడా పడు అనుడే అక్కడి చట్టం. హాస్టళ్లల్ల ర్యాగింగ్ చూసిన మనోళ్లకు ఇది కొత్తగ చెప్పాల్సిన పని లేదు. కాకపోతే హాస్టల్ నుంచి మూట సదురుకొని ఇంటికి పోవచ్చు. బ్యారక్ నుంచి పోతే నేరం.

కథ 2014ల నడుస్తది. ఆ ఏడు ఊకెనే ఎంచుకోలే. ఆ ఏప్రిల్‌ల 28వ డివిజన్‌ల ఒక కుర్ర సిపాయిని సీనియర్లు రోజుల తరబడి కొడితే పాణం పోయింది. తిండి గొంతుల అడ్డం వడి సచ్చిపోయిండని ముందుగాల ఫౌజు చెప్పింది. జులై ఆఖరుకు ఒక మానవ హక్కుల సంఘం అసలు సంగతి బయటవెట్టినంకనే దేశం భగ్గుమన్నది. ఈ మధ్యలనే జూన్‌ల, 22వ డివిజన్‌ల ఒక సార్జెంట్ సొంత యూనిట్ మీదనే కాల్పులు జరిపితే ఐదుగురు సచ్చిపోయిన్రు.

సీరియల్ వచ్చినంక రక్షణ శాఖ మాట ఏందంటే, అది పాత ముచ్చట, ఇప్పుడు బ్యారక్‌లు మారినయ్ అని. అందుల కొంత నిజం ఉన్నది. ఆర్మీల సర్వీసు 21 నెలల నుంచి 18 నెలలకు తగ్గింది. 2020 నుంచి డ్యూటీ అయిపోయినంక ఫోన్ వాడుకోనిస్తున్నరు. 2014ల నెలకు లక్షన్నర వాన్లు కూడా రాని ఆఖరు ర్యాంకు సిపాయికి 2025ల 15 లక్షల వాన్లు ఇచ్చిన్రు. 2022 జులై నుంచి ఫౌజుల అయ్యే లైంగిక నేరాల, అనుమానపు సావుల కేసులు మిలిటరీ కోర్టుల నుంచి మామూలు కోర్టులకు పోయినయ్. యూనిట్లకు పోయి చూసే అధికారం ఉన్న ప్రత్యేక రక్షకుడు మానవ హక్కుల కమిషన్‌లకు వచ్చిండు.

కానీ ఇవి ఎట్ల వచ్చినయో జర గమనించాలె. కోర్టుల మార్పు వెనుక, 2021ల లైంగిక దాడి మీద ఫిర్యాదు చేసినా న్యాయం దొరకక పాణం తీసుకున్న ఎయిర్‌ఫోర్స్ మహిళా సార్జెంట్ కేసు ఉన్నది. ఒక సావు, దాని మీద బయట లొల్లి, ఆ తర్వాతనే సంస్కరణ. ఫౌజు తనంతట తాను తలుపు తెరిచింది తక్కువ. తెరిచినంక కూడా 2024 మేల 12వ డివిజన్‌ల ఏమైంది? చేరి పది పదిహేను రోజులు కూడా కాని ట్రైనీని శిక్ష పేరు మీద నిండు సామాన్లు మోపిచ్చి ఉరికిచ్చిన్రు. కుప్పకూలిండు, రెండు రోజులకు సచ్చిపోయిండు. ఆ కంపెనీ కమాండర్‌కు జైలు శిక్ష వడ్డది. అక్కడ కొట్టింది తోటి సిపాయి కాదు, శిక్ష వేసింది ఆఫీసర్. జీతం పెరిగినా, ఫోన్ ఇచ్చినా, లోపట కాదు అనే హక్కు లేకుంటే ఏం ఫాయిదా?

ఇంకో ఒత్తిడి కూడా ఉన్నది. 2023ల కొరియాల ఒక్కో ఆడమనిషికి సగటున 0.72 మంది పిల్లలే. పదేండ్ల కింద 6 లక్షలకు పైన ఉన్న ఫౌజు 5 లక్షల లోపుకు దిగింది. దొరికే పోరగాళ్లు తగ్గితే, ఇదివరకు పక్కకు వెట్టినోళ్లను కూడా తీసుకోవాల్సి వస్తది. తట్టుకోలేనోళ్లు ఇంకా ఎక్కువ మంది లోపటికి పోతరు.

మొదటి సీజన్ ఆఖర్ల, పాణం తీసుకున్న ఒక సిపాయి అక్క జున్‌హోను అడుగుతది. నా తమ్ముడు అంత మంచోడని తెలిసినప్పుడు, వాన్ని సతాయిస్తుంటే మీరంతా ఎందుకు చూసుకుంట ఊకున్నరు అని. జున్‌హో దగ్గర జవాబు లేదు. సాయం చేసిన ఒక్క దోస్తు ఉన్నా ఆ పిల్లగాడు పారిపోకపోతుండె.

దేశాన్ని కాపాడమని కొడుకును అడిగి తీస్కపోయిన సర్కారు, ఆ కొడుకును సొంత బ్యారక్‌ల కాపాడాలె. పారిపోయినోళ్లను పట్టుకునే టీమ్‌ను నడుపుడు అల్కటి పని. సూసినోడు బయటికి చెప్తే వానికి ఏం కాదని నమ్మకం ఇచ్చుడే కష్టం. ఆ నమ్మకం వచ్చిననాడే బ్యారక్ మారిందని ఒప్పుకోవచ్చు.