గిన్నె పక్కన కూర్చున్న అమ్మాయి

తేనెటీగకు వేళ తెలుసు. రోజూ ఒకే వేళకు చక్కెర నీళ్లు పెడుతూ వస్తే, తర్వాత గిన్నె ఖాళీగా ఉన్నా ఆ వేళకే వచ్చి వాలుతుంది. 24 గంటల లెక్క నేరుస్తుంది. 19 గంటలకోసారి పెడితే మాత్రం దానికి పట్టుబడదు.

ఈగలకు గుర్తులు పెట్టి, ఏది ఎప్పుడొచ్చిందో ఓపిగ్గా రాసుకుని, 1929లో ఈ సంగతి ప్రచురించింది జర్మనీ విద్యార్థిని ఇంగెబోర్గ్ బేలింగ్. ఆమె గురువు కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది. ఆయన పేరు చాలామందికి తెలుసు. ఆమె పేరు మనలో ఎందరం విన్నాం?

గురువును తక్కువ చేయమని కాదు. మనమూ ఊళ్లకెళ్లి అవ్వల దగ్గర తెలుగు పాటలు రాసుకొస్తున్నాం కదా! ఆ కాగితం మీద పాడిన అవ్వ పేరూ, రాసిన అమ్మాయి పేరూ ఉండాలి. ఓపిగ్గా కూర్చోవడమూ చదువే.

– బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని