బడి క్యాంటీన్‌లో అమ్ముతున్నదేమిటి?

గౌలిపురా, లాల్‌దర్వాజా, శాలిబండ ప్రాంతాల తల్లిదండ్రులకు ముందుగా ఒక ప్రశ్న. ఉదయం మీ పిల్లల చేతిలో పెట్టే ఇరవై రూపాయలు విరామ సమయంలో ఏమవుతున్నాయో ఎప్పుడైనా విచారించారా?

ఆ మధ్య పన్నెండేళ్ళ బాలికను తల్లి నా వద్దకు తీసుకువచ్చింది. బడిలో ప్రార్థన వేళ కళ్ళు తిరిగి పడిపోయిందట. హిమోగ్లోబిన్ 7.8. ఆ వయసులో 12కు తగ్గరాదు. "అన్నం సరిగ్గా తినదు డాక్టరు గారూ" అన్నది తల్లి. పదకొండు గంటలకు చిప్స్ పొట్లం, ఒక కూల్‌డ్రింకు కడుపులో పడిన పిల్లకు ఒంటిగంటకు ఆకలి ఎక్కడి నుండి వస్తుంది? 250 మి.లీ. కోలాలో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఐదు చెంచాలు! రక్తహీనతకు నులిపురుగులు, రుతుస్రావం వంటి ఇతర కారణాలూ ఉంటాయి. నేరమంతా చిప్స్ మీదికి నెట్టను. కానీ ఆ పొట్లం ఆమె కొన్నది వీధిలో కాదు, బడి లోపలి క్యాంటీన్‌లో.

ఇది చట్టవిరుద్ధం. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో జారీ చేసిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉండే పదార్థాలను బడి ఆవరణలోనే గాక, గేటు నుండి 50 మీటర్ల లోపు కూడా పిల్లలకు అమ్మరాదు. పాతబస్తీ సందులలో 50 మీటర్లు కొలిస్తే ఎన్ని కిరాణా దుకాణాలు తగులుతాయో మీకు తెలుసు. వాటి సంగతి తరువాత చూద్దాం. గేటు లోపలి మాటేమిటి?

లోపల అద్దాల బీరువాలో పొట్లాలు వేలాడుతుండగా, వాచ్‌మన్ కర్ర పట్టుకొని తరిమేది ఎవరిని? జామకాయల బండివానిని, ఉడికించిన పల్లీలు అమ్ముకునే ముసలమ్మను. ఈగలు, మురికినీరు అంటారు. ఆ భయం నిరాధారం కాదు. టైఫాయిడ్ రోగులను నా సర్వీసు పొడుగునా చూశాను. అయితే దానికి మందు శుభ్రమైన నీరు, మూత ఉన్న గిన్నె. తరిమివేయడం కాదు. జామకాయలోని 'సి' విటమిన్ పల్లీలలోని ఇనుము వంటబట్టడానికి తోడ్పడుతుంది. తల్లులారా, భోజనంతో పాటు చాయ్ ఇవ్వకండి, అది ఆ ఇనుమును అడ్డుకుంటుంది.

ఒక ప్రైవేటు పాఠశాల యజమానిని నేరుగా అడిగాను. "పిల్లలు ఇవే అడుగుతారు సార్" అన్నారు. లెక్కలు కూడా పిల్లలు అడిగితేనే చెబుతున్నారా? మరికొంత సేపటికి అసలు సంగతి బయటపడింది: క్యాంటీన్ అద్దె.

ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనమూ, వారానికి మూడు గుడ్లూ ఇచ్చే ఏర్పాటున్నది. సందుల్లోని చిన్న ప్రైవేటు బడుల పిల్లలకు ఆ పథకం వర్తించదు. కనుక అక్కడ క్యాంటీన్‌లో ఏమి దొరుకుతుందన్నది రుచికి సంబంధించిన విషయం కాదు. శనగ గుగ్గిళ్ళు, పల్లీపట్టి, ఉడికించిన గుడ్డు, అరటిపండు, ఉప్పు తక్కువ వేసిన మజ్జిగ: వీటిలో ఏది అసాధ్యం? తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా ఉప్పు, చక్కెర, నూనె అధికంగా ఉన్న పదార్థాలను తగ్గించమనే చెబుతున్నాయి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల ప్రస్తావనకు ముందే క్యాంటీన్ రిజిస్ట్రేషన్ పత్రం చూపమనండి. అమ్మే పదార్థాల పట్టిక అడగండి. ఒక్కరే అడిగితే మీ బిడ్డను వేరుగా చూస్తారన్న జంకు ఉంటుంది. పదిమంది కలిసి వెళ్ళండి.

ఆ బాలికకు మూడు నెలలు ఇనుము మాత్రలు ఇచ్చాను. ఇప్పుడు హిమోగ్లోబిన్ 10.9కి వచ్చింది. క్యాంటీన్‌లో పొట్లాలు ఇంకా అలాగే ఉన్నాయట.