మనోవ్యాధియు మారణాయుధమును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పాఠశాలయందో, అంగడియందో, ప్రార్థనాలయమందో తుపాకి మ్రోగినప్పుడెల్ల రెండు వాదములు బయలుదేరుచున్నవి. ఆయుధములు విచ్చలవిడిగా దొరకుటయే అనర్థమునకు మూలమని యొక పక్షము. దోషము తుపాకిది కాదు, దానిని పట్టినవాని చెడిన మనస్సుదని రెండవ పక్షము. కొన్ని దినములకు వాదము చల్లారును. మనోవ్యాధిగ్రస్తునకు వైద్యము దొరకినదా యను ప్రశ్నకు మాత్రము ఉభయులును నిలిచి సమాధానము చెప్పరు. ఆ ప్రశ్నయే ప్రధానమని మా యభిప్రాయము.

ఆయుధధారణహక్కుపై అమెరికనులకు గల మమకారమును మనము పరిహసింప నక్కరలేదు. 1878 నాటి ఆయుధ శాసనము భారతీయునకు లైసెన్సు విధించి యూరోపియనును మినహాయించినప్పుడు మనవారు దానిని జాతీయావమానముగనే యెంచిరి. 1931 నాటి కరాచీ తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధములు ధరించు హక్కు చేరియే యుండెను. 1948 డిసెంబరులో మన రాజ్యాంగసభ దానిని ప్రాథమిక హక్కుగా చేర్చుట కంగీకరింపలేదు. అమెరికనుల కన్ననో, 1791 నాటి రెండవ సవరణ రక్షణయై యున్నది. అది వ్యక్తికి చెందిన హక్కేయని 2008 లో హెల్లర్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు నిర్ణయించినది. అయినను మనోవ్యాధిగ్రస్తులకు ఆయుధములు కూడవను పూర్వశాసనములను ఆ తీర్పు కదల్పలేదు.

ఆ శాసనము 1968 నాటిది. న్యాయాధికారి నిర్ణయమున మతి చెడినవాడని తేలినవాడును, నిర్బంధముగ వైద్యశాలకు పంపబడినవాడును తుపాకి నుంచుకొనరాదు. 1998 నుండి లైసెన్సుగల వర్తకుడు కొనువాని పేరును జాతీయ పట్టికతో సరిచూచుకొనవలెను. ఏర్పాటు చక్కనిదే. కాని యిందొక వైపరీత్యము గలదు. న్యాయాధికారి యెదుటికో, వైద్యశాలలోనికో చేరినవాని పేరే ఆ పట్టికకెక్కును. ఎన్నడును వైద్యుని ముఖము చూడనివాడు శాసనమునకు కానరాడు. కావున వైద్యము కొరవడినచోట ఈ నిషేధమును కొరవడినట్లే.

వైద్యమెట్లు కొరవడెనో చూతము. 1955 ప్రాంతమున అచ్చటి రాష్ట్ర ప్రభుత్వముల మానసిక వైద్యశాలలలో సుమారు అయిదున్నర లక్షల రోగులుండిరి. నేడు నలువది వేలైనను లేరు. ఆ పాత వైద్యశాలలలో పెక్కులు కారాగృహములకు తీసిపోనివే. వానిని ఖాళీచేయుట తప్పుకాదు. వానికి బదులుగా ఊరూర చికిత్సాకేంద్రములు నెలకొల్పుటకు 1963 లో అధ్యక్షుడు కెనడీ శాసనము చేయించెను. పదునైదువందల కేంద్రములు తలపెట్టగా సుమారు సగము మాత్రమే వెలసినవి. 1981 లో కేంద్రప్రభుత్వము తన సాయమును తగ్గించి, భారమును రాష్ట్రములపై మోపినది. నేడు లాస్ ఏంజెలెస్, షికాగో చెరసాలలే ఆ దేశమున మిక్కిలి పెద్ద మానసిక వైద్యశాలలని చెప్పుకొనుచున్నారు. వైద్యుడు చూడవలసిన వానిని జైలరు చూచుచున్నాడు!

2007 ఏప్రిల్ 16 న వర్జీనియా సాంకేతిక విశ్వవిద్యాలయమున ఒక విద్యార్థి 32 మందిని కాల్చిచంపెను. 2005 డిసెంబరులోనే న్యాయాధికారి అతనిని ప్రమాదకరునిగా నిర్ణయించి, బయటనుండియే చికిత్స పొందవలెనని యుత్తరువు చేసియుండెను. ఆ చికిత్స జరుగలేదు. జరిగినదా యని విచారించినవారును లేరు. వైద్యశాలలో నిర్బంధింపబడలేదను కారణమున అతని పేరు పట్టికకును పోలేదు. అతడు వర్తకుల యెదుట విచారణలో నెగ్గి రెండు పిస్తోళ్లు కొనెను. ఆనాడు చికిత్సయు నిషేధమును ఒక్కచోటనే విఫలమైనవి. అనంతరము 2008 లో పట్టికను సరిదిద్దుటకు శాసనము వచ్చినది. చికిత్స మాటయో?

ఇట్లనుటవలన మనోవ్యాధిగ్రస్తులెల్లరు హంతకులని తలపరాదు. దౌర్జన్యములలో తీవ్రమనోవ్యాధివలన కలుగునవి నూటికి నాలుగువంతులని పరిశోధకుల యంచనా. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రమున, ఓలేతయందు, మన తెలుగు ఇంజనీరు నొకని బలిగొన్నది జాతిద్వేషము. హంతకుడు 2018 లో ఆ ద్వేషనేరమును న్యాయస్థానమున ఒప్పుకొని యావజ్జీవశిక్ష పొందెను. ద్వేషమునకు వ్యాధియని పేరుపెట్టుట రోగులకు చేయు అపచారము. వ్యాధికిని తుపాకికిని గల ఘోరసంబంధము వేరొకటి. 2022 లో అచ్చట తుపాకివలన మరణించినవారు సుమారు 48 వేలు. అందు సుమారు 27 వేలమంది ఆత్మహత్య చేసికొన్నవారే. పత్రికల పతాకశీర్షికల కెక్కని ఈ మరణములే సగమునకు మించినవి. దుఃఖావేశపు గడియ గడచినచో పెక్కుమంది బ్రదుకుదురు. తుపాకి చేరువనున్న ఆ గడియ గడవదు.

అట్లని రోగుల పేర్లన్నియు పట్టిక కెక్కించినచో మేలగునా? మానసిక వైకల్యమువలన ప్రభుత్వ భృతి పొందుచు, ఆ ధనమును స్వయముగ నిర్వహించుకొనలేనివారి పేర్లను పట్టికకు పంపవలెనని ఒబామా ప్రభుత్వము నియమము చేసెను. 2017 లో కాంగ్రెసు దానిని రద్దుచేసినది. తుపాకి పక్షమువారును, పౌరహక్కుల సంఘమువారును ఏకమై యెదిరించిన విషయమిది. ధనమును లెక్కపెట్టుకొనలేనివాడు ప్రమాదకరుడని యెవరు తేల్చిరి? వైద్యునికడకు పోయినచో పేరు పట్టిక కెక్కునను భయము వ్యాపించిన, రోగి వైద్యునే విడుచును.

చూడవలసినది వ్యాధి పేరు కాదు, ప్రమాదకాలము. కనెక్టికట్ రాష్ట్రము 1999 లో ఈ మార్గము త్రొక్కినది: ప్రమాదము సమీపించినదని సాక్ష్యము చూపినచో న్యాయస్థానము కొంతకాలము ఆయుధమును తీసికొనును. అట్లు తీసికొన్న పది యిరువది సందర్భములకు ఒక ప్రాణము నిలిచినదని పరిశోధకులు లెక్కించిరి. నేడు ఇరువదికి మించిన రాష్ట్రములలో ఇట్టి శాసనములున్నవి. ఇతరులకు ముప్పు తెచ్చువాడని న్యాయస్థానము తేల్చినవానిని తాత్కాలికముగ నిరాయుధుని చేయుట రాజ్యాంగసమ్మతమేయని 2024 లో రహీమీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. యువాల్డీ పాఠశాలలో 19 మంది పసివారును ఇద్దరు ఉపాధ్యాయినులును హతులైన పిదప 2022 జూనులో వచ్చిన శాసనము, ఇట్టి యేర్పాట్లకును మానసిక చికిత్సకును కూడ ధనము కేటాయించినది.

మార్గమిదియేయని మా విశ్వాసము. ఆయుధమును తీసికొన్న ప్రభుత్వము, ఆ దినముననే రోగిని వైద్యునికడకు చేర్చు బాధ్యతనుగూడ తీసికొనవలెను. తుపాకిని విడిచి మనస్సును నిందించువారు ఆ మనస్సుకు చికిత్స చేయించుటకు పన్ను చెల్లింపవలెను. తుపాకిని నిందించువారు రోగి గౌరవమును కాపాడవలెను. ఉభయులును ఈ ఋణమును తీర్చువరకు మనోవ్యాధి నామమును చర్చలో వాడుకొను నధికారము వారిలో నెవ్వరికిని లేదు.